తేదీ వేయని సెలవు చీటీ

విజయనగరంలో కొత్త హెడ్మాస్టర్లకి శిక్షణ పెడుతున్నాం, మీరొచ్చి ఓ పది నిమిషాలు మాట్లాడాలి అని ఆ మధ్య నాకు ఫోను వచ్చింది. దేని గురించి అంటే, పనికీ ఇంటికీ మధ్య సమతూకం గురించి అన్నారు. వినగానే నాకు అనుమానం వచ్చింది. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తిన్నావా, పడుకున్నావా అని అడగని పై ఆఫీసుకి ఇప్పుడు మా ఇళ్ళ మీద ఇంత బెంగ ఎందుకు పుట్టింది? ఏదో కొత్త యాప్ దింపబోతున్నారు, దానికి ముందు ఈ తీపి మాటలు అని మనసులో అనుకుని, పైకి మాత్రం సరే వస్తానన్నాను.

వెళ్ళాను. టై కట్టుకున్న ఒకాయన తెర మీద రంగురంగుల చక్రం చూపించాడు. ఒక ముక్క పని, ఒక ముక్క కుటుంబం, ఒక ముక్క ఆరోగ్యం. బడి అయ్యాక ఫోను పక్కన పెట్టేయండి అని ఆయన చెబుతుండగానే హాల్లో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. మరుగుదొడ్ల ఫొటోలు గంటలోగా గ్రూపులో పెట్టాలని మెసేజి. అందరూ తలలు దించారు. ఆయన కూడా తన ఫోను చూసుకున్నాడు. తరవాత నా వంతు వచ్చింది. పొద్దున్నే నడవండి, నీళ్ళు బాగా తాగండి, ఇంట్లోవాళ్ళతో కలిసి భోంచేయండి అని చెప్పి, శాలువా కప్పించుకుని వచ్చేశాను.

శ్రీకాకుళం బస్సులో కూర్చున్నాక నా మీద నాకే కోపం వచ్చింది. నేను ఒక్కటీ చేయని పనులు వాళ్ళని చేయమని చెప్పాను. చెప్పాల్సిన ఒకే ఒక్క సంగతి మింగేశాను. అందుకని ఇది రాస్తున్నాను. ఇందులో నా ప్రమోషన్లు, జీవోలు, సన్మానాలు ఉండవు.

లెక్కల టీచరుగా చేరాను. ఆఖరి ఆరేళ్ళు పాతపట్నం వైపు ఒక హైస్కూలుకి హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. ఆ ఊరి పేరు రాయను. రాస్తే అక్కడివాళ్ళు ఇందులో తమ గురించి ఏముందా అని వెతుక్కుంటారు. వాళ్ళ చోట నేనుంటే వెతుక్కుంటాను మరి. నాకు అనుమానం ఎక్కువ. కూరలవాడు తక్కెడ ఎత్తితే నా కళ్ళు వంకాయల మీద ఉండవు, వాడి చిటికెనవేలి మీద ఉంటాయి. ఇది ముందే తెలిస్తే మిగతాది చదవడం మీకు తేలిక.

ఈ గుణం ఎక్కడ అబ్బింది

పుట్టుకతో రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఎవరు ఏ కాగితం ఇచ్చినా సంతకం పెట్టేదాన్ని. నాగావళి అవతల ఒక బడిలో నా మొదటి హెడ్మాస్టారు పెద్దమనిషి. తెల్లటి పంచె, మెత్తటి మాట. ఊరంతా ఆయనకి దండాలు పెట్టేది. ఒకరోజు పరీక్ష పేపర్లున్న బీరువా గురించి ఒక కాగితం తెచ్చి, సీలు సరిగ్గా ఉందని రాశాను, నువ్వు కూడా ఓ సంతకం పెట్టమ్మా అన్నారు. బీరువా పక్క గదిలోనే ఉంది. లేచి చూడటం అంటే ఆయన్ని నమ్మనట్టు అవుతుందని, కూర్చున్నచోటే పెట్టేశాను.

మూడు రోజుల తరవాత విచారణ వచ్చింది. సీలు ముందే చిరిగి ఉందట. చూసినట్టు సంతకం ఎవరిదంటే నాది. ఆయన సంతకం చూస్తే, నా సంతకాన్ని బట్టి ధ్రువీకరించినట్టు ఉంది. వచ్చినవాళ్ళు మంచివాళ్ళు కాబట్టి మందలించి వదిలేశారు. సాయంత్రం హెడ్మాస్టారు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. తప్పు తనదే అని ఒప్పుకుంటారనుకున్నాను. ఆయన వక్క నములుతూ, "సూడమ్మా, సంతకం పెట్టేముందు మనం సూసుకోవాల గదా" అన్నారు. అంతే.

ఆ రోజునించీ నేను చూసుకోవడం మొదలుపెట్టాను. కొత్తవాళ్ళకి ఇప్పటికీ అదే చెబుతాను, చూడకుండా సంతకం పెట్టకండి. కానీ చూసుకోవడం ఎక్కడ ఆపాలో ఆయన చెప్పలేదు, నాకు తెలియలేదు.

రిజిస్టరు అట్ట కింద

బయటివాళ్ళకి తెలియని ఒక ఆచారం చెప్పాలి. చాలా బళ్ళలో టీచరు సెలవు చీటీ ఒకటి ముందుగానే రాసి, తేదీ మాత్రం వేయకుండా హాజరు రిజిస్టరులో దాస్తాడు. మర్నాడు బడికి రాడు. పైనుంచి ఎవరైనా తనిఖీకి వస్తే తోటివాళ్ళు ఆ చీటీ మీద తేదీ వేసి, ఇదిగో సెలవులో ఉన్నారు అని చూపిస్తారు. ఎవరూ రాకపోతే ఆయన ఆ మర్నాడు వచ్చి నిన్నటి గడిలో సంతకం పెట్టి, చీటీని మళ్ళీ అట్ట కింద పెట్టేస్తాడు. ఒకే చీటీ ఏడాదంతా పనిచేస్తుంది. ఇప్పుడు ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చింది కదా, ఇది పోయి ఉంటుందనుకుంటారేమో. కొండ పక్క బళ్ళలో నెట్‌వర్క్ ఎన్ని రోజులు ఉంటుందో, ఎన్ని రోజులు లేదని చెబుతారో నాకు తెలుసు.

నేను హెడ్మాస్టరుగా చేరిన వారంలోనే రిజిస్టరు అట్ట విప్పి చూశాను. మూడు చీటీలు దొరికాయి. నేను అరవలేదు, మెమో ఇవ్వలేదు. పెన్ను తీసి మూడింటి మీదా ఆ రోజు తేదీ వేసి, రిజిస్టరులో ముగ్గురికీ ఎర్రసిరాతో సెలవు రాసేశాను. నా అంత తెలివైనది లేదనుకున్నాను.

ఇద్దరి విషయంలో సరిపోయింది. ఆ ఇద్దరూ నిజంగానే ఊళ్ళో లేరు. మూడో చీటీ సైన్సు చెప్పే వరలక్ష్మిది. ఆవిడ మధ్యాహ్నం చేతులకి సుద్దపొడితో స్టాఫ్ రూములోకి వచ్చింది. పొద్దుటినించీ వెనక షెడ్డులో పిల్లలచేత ప్రయోగాలు చేయిస్తోందట. సంతకం పెట్టడం మరిచిపోయింది. రిజిస్టరు చూసి, "మేడం, నేను బడిలోనే ఉన్నాను గదా. నేను నాగా పెట్టినానని మీరే రాసేసినారేటి?" అంది.

మరి ఈ చీటీ ఎందుకు దాచావు అన్నాను. అందరూ పెడతారు కాబట్టి పెట్టాను, ఒక్కసారి కూడా వాడలేదు అంది. నేను నమ్మలేదు. నిజానికి నమ్మడం నమ్మకపోవడం కాదు, ఎర్రసిరాతో రాసింది కొట్టేస్తే మిగతావాళ్ళ ముందు నేను తగ్గినట్టు అవుతుందనిపించింది. అలాగే ఉంచేశాను. బడిలో పాఠం చెప్పిన రోజు ఆమె ఖాతాలో సెలవు అయిపోయింది. ఆ తరవాత వరలక్ష్మి నాతో అవసరమైనంత మేరకే మాట్లాడేది. అది చూసి ఏదో దాస్తోందని నేను ఇంకా అనుమానించాను.

అప్పలనాయుడు మాస్టారు

మా బడిలో నా తరవాత స్థానం అప్పలనాయుడు మాస్టారిది. సోషల్ చెప్పేవారు. సొంత ఊళ్ళో వరి పొలం ఉంది, పొద్దున్నే పొలం చూసుకుని మోటారుసైకిలు మీద బడికి వచ్చేవారు. నేను రాకముందు రెండేళ్ళు ఆయనే ఇన్‌ఛార్జి. హెడ్మాస్టరు సెలవు పెడితే చార్జి ఆయనకే రాసి ఇవ్వాలి, అది పద్ధతి.

ఆ రెండేళ్ళ ఇన్‌ఛార్జితనమే నా కంట్లో నలుసు. కుర్చీ రుచి చూసిన మనిషి ఊరుకుంటాడా? ఫోను వస్తే గేటు దాకా వెళ్ళి మాట్లాడతాడు, ఎవరితో? మండలం ఆఫీసులో గుమాస్తా ఈయన్ని చూసి నవ్వుతాడు, ఎందుకు? నేను ఒక్కరోజు లేకపోతే సరిగ్గా ఆ రోజే తనిఖీ వస్తుంది, ఈయన నా కుర్చీలో కూర్చుని నా లోపాలన్నీ వరసగా అప్పజెబుతాడు. నా దగ్గర రుజువు లేదు. రుజువు లేకపోవడం కూడా ఆయన జాగ్రత్తకి గుర్తే అనుకున్నాను.

కాబట్టి నేను సెలవు పెట్టలేదు. జ్వరంతో కూడా ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కేదాన్ని. ఏటేటా నా సెలవులు అలాగే మురిగిపోయేవి. బీరువాల తాళాలు, ల్యాబు తాళం, స్టోరు తాళం అన్నీ ఒక గుత్తిగా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఇంటికి తెచ్చేసేదాన్ని. నేను పొద్దున్న బస్సు దిగేదాకా బడిలో సుద్దముక్క కూడా బయటికి వచ్చేది కాదు.

ఇక ఫోను. గ్రూపులో మెసేజి వస్తే మొదటి జవాబు నాదే కావాలి. అన్నం తింటూ ఎడమచేత్తో కొట్టేదాన్ని. నాకంటే ముందు ఎవరైనా జవాబు పెడితే, వీళ్ళకి ముందే ఎలా తెలిసింది అని ఆలోచించేదాన్ని. మా బావ ఎదురుగా కూర్చుని ఏదో చెబుతుంటే ఊఁ కొట్టేదాన్ని. ఏం చెప్పాడో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

రంగు వాసన

మా బావ అంటే మా ఆయన సూర్యారావు. మేనత్త కొడుకు, పెళ్ళయ్యాక కూడా పిలుపు మారలేదు. ఆయన బోర్డు ఆర్టిస్టు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని మింగేసినా, గుడి గోడలు, బడి గోడలు, లారీల వెనక రాతలు ఇంకా ఆయన దగ్గరికే వచ్చేవి. స్కేలు పెట్టకుండా గోడ ఈ చివరినించి ఆ చివరిదాకా అక్షరాలు తిన్నగా రాసేవాడు. నా జీతం ఆయన సంపాదనకంటే ఎక్కువ. దాని గురించి ఆయన ఒక్కరోజు చిన్నబుచ్చుకోలేదు. నన్ను 'మేడం గోరు' అని వెక్కిరించేవాడు.

పెళ్ళైన మొదట్లో ఆయనకి తాగుడు ఉండేది. కళ్ళు ఎర్రగా ఏమిటి అంటే రంగు పడింది అనేవాడు, తూలుతున్నావేమిటి అంటే టర్పెంటైను వాసనకి తల తిరిగింది అనేవాడు. మా అమ్మాయి పుట్టాక మానేశాడు. మళ్ళీ ముట్టలేదు. నేను మాత్రం చొక్కాలు ఉతికే ముందు వాసన చూడటం మానలేదు.

నా సర్వీసు ఇంకా మూడేళ్ళుందనగా మొదలైంది. గుమ్మం దాటుతూ ఎడమ భుజం తలుపుకి తగిలించుకునేవాడు. నీళ్ళగ్లాసు తన్నేసేవాడు. కూర పళ్ళెం బయట వేసుకునేవాడు. స్కూటరు మీద నన్ను కాంప్లెక్సుకి దించుతూ ఒకసారి ఆటోకి రాసేశాడు. నాకు ఇంకేం కావాలి? మళ్ళీ మొదలుపెట్టాడనుకున్నాను. చొక్కాల వాసన చూశాను, రంగు డబ్బాల వెనక వెతికాను. ఏమీ దొరకలేదు. బయట తాగి వస్తున్నాడని తేల్చుకున్నాను.

ఒకరోజు పొద్దున్న నేను చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటుంటే వచ్చి నిలబడ్డాడు. కళ్ళజోళ్ళ షాపులో చూపించుకున్నాడట, కంట్లో ఒత్తిడి ఎక్కువున్నట్టుంది, పెద్ద డాక్టరుకి చూపించమన్నారట. "పార్వతీ, ఓపాలి ఇజీనారం ఎల్దామే. కళ్ళల్లో సుక్కలేస్తారంట, ఒక్కడ్నీ రాలేనంట. తోడుండాల" అన్నాడు. ఆ డాక్టరు ఆదివారం చూడడు. అంటే నేను సెలవు పెట్టాలి.

నాకు ఏం తోచిందో దాచకుండా రాస్తాను. విజయనగరంలో ఆయన పాత తాగుడు స్నేహితుడు ఉన్నాడు. కన్ను వంకతో అక్కడికి వెళ్ళాలని చూస్తున్నాడు, నేను ఎలాగూ రానని తెలిసి అడుగుతున్నాడు. ఇదీ నా ఆలోచన. షాపువాళ్ళు ఇచ్చిన చీటీ చూపించమన్నాను. చూపించాడు. కాగితం కనబడ్డాక నేను కొంచెం నమ్ముతాను. ఆ రోజే బడిలో కూర్చుని సెలవు చీటీ రాశాను. రాసి, ఏ రోజు పెడదామా అని చూశాను. ఆ వారంలో పై అధికారుల తనిఖీ ఉందని పుకారు. చీటీ మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టాను. తనిఖీ రాలేదు, పై వారానికి వాయిదా అన్నారు. ఆ వారం పరీక్షలు. తరవాత ఇంకేదో. బావ మరో రెండుసార్లు అడిగాడు, ఆ తరవాత అడగలేదు. అడగడం మానేశాడంటే కన్ను బాగానే ఉందన్నమాట, చూశావా అనుకున్నాను. అలా ఏడాది పైన గడిచిపోయింది.

వంకర గీత

ఈసారి తనిఖీ ఖాయమన్నారు. బడి ముందు గోడ మీది రాతలు వెలిసిపోయాయి. డబ్బులు పెట్టి ఎవర్నో పిలవడం ఎందుకని బావనే తీసుకెళ్ళాను. పొద్దున్న నిచ్చెనెక్కి రాయడం మొదలుపెట్టాడు. విరామంలో నేను బయటికి వచ్చి చూస్తే వరస వరసంతా వంకర. ఎడమ చివర అక్షరాలు కిందికి జారిపోయి ఉన్నాయి, మొదటి అక్షరం సగం గోడ అంచు దాటి స్తంభం మీదికి పోయింది. ముప్పై ఏళ్ళలో ఆయన చేతినించి అలాంటి గీత నేను చూడలేదు.

టీచర్లున్నారు, పిల్లలున్నారు. నేను నిచ్చెన దగ్గరికి వెళ్ళి, తాగి వచ్చావా అని అడిగాను. గట్టిగానే అడిగాను.

ఆయన కిందికి దిగాడు. ఆఖరి మెట్టు కనబడక గాల్లో కాలేసి, గోడకి చెయ్యి ఆనించి నిలదొక్కుకున్నాడు. తడి రంగు అరచేతినిండా అంటింది. నేను దాన్ని కూడా తాగుడు లెక్కలోనే వేసుకున్నాను.

అప్పలనాయుడు మాస్టారు నెమ్మదిగా వచ్చి మా బావకి ఎడమ పక్కన నిలబడ్డారు. చెయ్యి చాపి, ఆయన చెవి పక్కనించి కంటి దాకా తెచ్చి వేళ్ళు ఆడించారు. బావ రెప్ప కొట్టలేదు. నన్నే చూస్తూ నిలబడ్డాడు.

"మేడం, సారు తాగలేదండి. ఎడంపక్క ఆయనకేటీ కనబడతన్నట్టు లేదు. మా నాయినకీ ఇలాగే అయినాది, కంట్లో నీటికాసులంటారు. రేపే తీసుకెళ్ళిపోండి. బడి నాను సూసుకుంటాను" అన్నారు మాస్టారు.

ఇంకెవరైనా అయితే అక్కడ కూలబడి ఏడ్చేవారు. నా చెవికి మాత్రం ఆయన చెప్పిన ఆఖరి ముక్క ఒక్కటే గట్టిగా వినిపించింది. బడి నేను చూసుకుంటాను. నాలుగేళ్ళుగా నేను భయపడుతున్న మాట అదే. మర్నాడు కాదు, ఎల్లుండి తనిఖీ. సరిగ్గా ఇప్పుడే నన్ను ఊరు దాటించాలని ఈయనకి ఎందుకంత తొందర? తనిఖీ అయిపోగానే వెళ్తాం అని చెప్పి లోపలికి వచ్చేశాను. వరలక్ష్మి ఒక తడిగుడ్డ తెచ్చి మా బావ చెయ్యి తుడవడం కిటికీలోంచి చూశాను.

సొంత పని

మర్నాడు నేను బడికి వెళ్ళేసరికి టేబులు మీద అప్పలనాయుడు మాస్టారి సెలవు చీటీ ఉంది. సొంత పని నిమిత్తం ఒక్కరోజు సెలవు అని. తనిఖీకి ముందు రోజు. నాలుగేళ్ళలో ఆయన పొలం పనులకి తప్ప సెలవు పెట్టగా చూడలేదు. అవి నాట్ల రోజులు కావు, కోతల రోజులూ కావు.

నాకు అంతా అర్థమైపోయింది అనుకున్నాను. శ్రీకాకుళం వెళ్ళి ఉంటాడు. జిల్లా ఆఫీసులో నా మీద అర్జీ పెడుతుంటాడు. అందరి ముందు మొగుణ్ణి నిలదీసిన హెడ్మాస్టరు, బడి గోడ పని సొంత మనిషికిచ్చిన హెడ్మాస్టరు అని రాస్తాడు. ఆ ఆఫీసులో నాకు తెలిసిన గుమాస్తాకి ఫోను చేసి, మా నాయుడు మాస్టారు అటు వచ్చారా అని అడిగాను. రాలేదన్నాడు. వీడు కూడా ఆయన మనిషే అనుకున్నాను. మధ్యాహ్నం మళ్ళీ చేశాను. ఫోను ఎత్తలేదు.

ఆగలేక వరలక్ష్మిని పిలిచి, ఈయన ఎక్కడికి వెళ్ళాడో నీకు తెలుసా అన్నాను. ఆవిడ నా కళ్ళలోకి చూసి, "సెలవు చీటీ ఉన్నాది గదా మేడం. తేదీ కూడా ఏసినారు" అంది. తెలిసే అంటోందని గ్రహించాను. ఏం తెలుసో మాత్రం ఊహించలేకపోయాను.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి వస్తే గుమ్మం బయట ఎవరివో చెప్పులు. లోపల బావ నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో ఉన్నాడు. వంటింట్లోంచి అప్పలనాయుడు మాస్టారు రెండు గ్లాసుల టీ పట్టుకుని వస్తున్నారు. నన్ను చూసి దొరికిపోయినవాడిలా ఆగిపోయారు.

విజయనగరం వెళ్ళి వచ్చారు ఇద్దరూ. నా భర్తకి తోడు వెళ్ళడానికి ఆయన తన సెలవు పెట్టుకున్నారు. నాకు ఎందుకు చెప్పలేదు అన్నాను. దానికి బావ జవాబిచ్చాడు. "సెప్తే తనికీ అయినాక అంటావని నానే వద్దన్నాను. ఈయన్ని తిట్టకు" అన్నాడు.

డాక్టరు ఏమన్నాడని అడిగాను. మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి, ఎడమ కన్ను ఇక రాదన్నారని, కుడి కంట్లో ఉన్న చూపు పోకుండా రోజూ చుక్కలు వేసుకోవాలని చెప్పారు. ఇంకేదో చెప్పబోయి ఆగారు. చెప్పమని బావే అన్నాడు. "ఏడాది ముందొస్తే ఎడమది కూడా సేనామట్టుకు నిలిసేదన్నారండి" అన్నారు, నా వైపు చూడకుండా. బావ టీ తాగుతూ ఉన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగాను. కడగాల్సినవి రెండే ఉన్నాయి, చాలాసేపు కడిగాను.

మర్నాటి తనిఖీ రాలేదు. మళ్ళీ వాయిదా అన్నారు. ఆ సంగతి గ్రూపులో చదివి, జవాబు పెట్టకుండా అప్పలనాయుడు మాస్టారికి చార్జి రాసి, తాళాలగుత్తి ఆయన చేతిలో పెట్టి రెండు వారాలు ఇంట్లో ఉన్నాను. తిరిగి వెళ్ళాక గుణం పోనిచ్చుకోలేక ప్రతి బీరువా, ప్రతి రిజిస్టరూ చూశాను. ఒక్క తప్పు దొరకలేదు. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశపడ్డాను కూడా. తరవాత వరలక్ష్మిని స్టాఫ్ రూములో అందరి ముందూ క్షమించమని అడిగాను. ఫరవాలేదు మేడం అంది. ఆ సెలవు రోజు తిరిగి ఇవ్వడానికి మాత్రం కుదరలేదు, అది పాత రిజిస్టరులోకి పోయింది.

కొత్తవాళ్ళకి

ఫోను ఆపేయమనే చక్రాలని నమ్మకండి. ఆపితే మెమో ఇచ్చేదీ వాళ్ళే. హెడ్మాస్టరు తన కింద ఉన్న ఒక్క మనిషిని కూడా నమ్మకుండా, తాళాలు మోస్తూ, ఏ గంటకి మెసేజి వచ్చినా పలుకుతూ ఉంటే పై ఆఫీసుకి సుఖం. మా చేత ఒకర్నొకర్ని అనుమానింపజేయడం వాళ్ళ ఏర్పాటే అని నా నమ్మకం. దీనికి కూడా నా దగ్గర రుజువు లేదు.

కానీ నా ఇల్లు సగమే పై ఆఫీసు తిన్నది. మిగతా సగం నేనే పెట్టాను. ఎవరూ అడగకపోయినా పెట్టాను. మీ బడిలో కూడా ఒక అప్పలనాయుడు మాస్టారు ఉంటారు. ఆయన మంచివాడని నేను హామీ ఇవ్వను, నాకేం తెలుసు? చెడ్డవాడే అనుకోండి. ఒక్కరోజుకి తాళాలు ఇచ్చి చూడండి. ఒక్కరోజులో ఆయన బడిని ఏం చేయగలడో, ఒక్కరోజు మీరు లేక ఇంట్లో ఏం కాగలదో పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి. నేను ఎప్పుడూ మొదటిదే చూశాను.

రిటైరయ్యాక ఒకరోజు ఆ పాత హ్యాండ్‌బ్యాగు బోర్లించాను. తాళాలగుత్తి బరువుకి అడుగు చిరిగిపోయి ఉంది. లోపలి జేబులో నాలుగు మడతల కాగితం. నా భర్తకు కంటి పరీక్ష చేయించవలసి ఉన్నందున ఒక్కరోజు సాధారణ సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. కింద నా సంతకం.

బావ ఏమిటది అని చెయ్యి చాపాడు. దాచేయాలనిపించింది, కానీ ఇచ్చేశాను. కాగితాన్ని కుడి కంటి ముందుకి తెచ్చుకుని, బోర్డు మీద రంగు ఆరిందో లేదో చూసుకునేవాడిలా తల వంచి మొత్తం చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

"అచ్చరాలు బాగున్నాయే. తేదీ ఎయ్యలేదేటి?" అన్నాడు.

అందులో ఎత్తిపొడుపు ఉందో, ఉత్తగానే అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఇదే ప్రశ్న నేను ఎంతోమందిని అడిగాను. జవాబు చెప్పలేక నేల చూపులు చూస్తే దొంగ దొరికాడనుకునేదాన్ని. ఆ రోజు నేను నేల చూశాను. ఆయనకి ఎడమ పక్కన కూర్చున్నాను కాబట్టి అది ఆయనకి కనిపించలేదు. కనిపించలేదనే అనుకుంటున్నాను.